కమల పేరు తీసుకుంటుంది, సీత పేరు వద్దంటుంది

ప్రశ్న: నేను కావలిలో రొయ్యల మేత అమ్మే దుకాణంలో లెక్కలు చూస్తాను. డిగ్రీలో నేర్చుకున్న పైథాన్‌తో రైతుల ఖాతాలకు చిన్న ప్రోగ్రాం రాశాను. పేర్లన్నీ తెలుగులోనే ఉండాలని మా ఓనర్ పట్టు. "రైతు చదువుకోలేని చీటీ ఎందుకమ్మా" అంటారు. మొదలుపెట్టాక అన్నీ తేడాలే. కమల, రమణ అని కొడితే ఫారం తీసుకుంటుంది, సీత, లక్ష్మి అంటే 'పేరు సరిగా లేదు' అంటుంది. చీటీలో ఊరూ పేరూ కలిపి 20 అక్షరాలకు కత్తిరిస్తే కొత్తపల్లి మాలకొండయ్య కాస్తా 'కొత్తపల్లి మాలకొండయ్' అవుతున్నాడు. ఒకే రైతు జాబితాలో రెండుసార్లు వస్తున్నాడు, చూస్తే రెండు చోట్లా పేరు అదే. ఫైలు ఎక్సెల్‌లో తెరిస్తే పిచ్చి గుర్తులు. పేర్లన్నీ ఇంగ్లీషులో పెట్టేయమని, లేదంటే జావాలోకి మారిపొమ్మని నా స్నేహితురాలి సలహా. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, కావలి

సమాధానం: రెండూ వద్దమ్మా. ఇంగ్లీషులో పెడితే తిప్పలు తగ్గవు, ఇంకో రూపంలో వస్తాయి. లక్ష్మిని కె, ఎస్, హెచ్ పెట్టి రాసేవాళ్లున్నారు, ఎక్స్ పెట్టి రాసేవాళ్లున్నారు. ఇక వెంకటేశ్వర్లు స్పెల్లింగు ఏ ఇద్దరు రాసినా కలవదు. తెలుగులో ఒక్క తీరుగా ఉన్న పేరును నాలుగు తీర్లు చేసుకుని, ఆ నాలుగూ ఒకరివేనని తేల్చే పని కొత్తగా నెత్తినేసుకోవడం దేనికి? మీ ఓనర్ మాటే సబబు. జావా సంగతి తర్వాత చెబుతాను.

ముందు ఒక్క పేరు విప్పి చూద్దాం. 'నెల్లూరు' అన్న మాటలో మన కంటికి మూడక్షరాలు: నె, ల్లూ, రు. పైథాన్‌లో పొడవు చెప్పే లెన్‌ను అడిగితే 8 అంటుంది. తప్పు చెప్పడం లేదు. న, దానికి ఎత్వం, ల, పొల్లు, మళ్లీ ల, దానికి దీర్ఘపు కొమ్ము, ర, దానికి కొమ్ము. అన్ని లిపులకూ నంబర్లిచ్చే పట్టిక యూనికోడ్. అందులో వీటిలో ప్రతిదానికీ విడిగా ఒక నంబరుంది. వీటినే కోడ్ పాయింట్లంటారు, కింద కోడ్‌లు అన్నవి ఇవే. పైథాన్ 3లో స్ట్రింగ్ అంటే ఈ నంబర్ల వరస. ఒత్తుకంటూ వేరే నంబరు లేదు. పొల్లు వెనక హల్లు వస్తే దాన్ని కిందికి దించి ఒత్తుగా గీసే పని ఫాంటుది. ఇదే మాటను, ఆ నంబర్లను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఫైలుకు ఎక్కిస్తే 24 బైట్లు, ఎందుకంటే తెలుగు కోడ్ ఏదైనా మూడు బైట్లు తీసుకుంటుంది.

అంటే ఒకే మాటకు మూడు పొడవులున్నాయి: 3, 8, 24. మీ దుకాణంలో మేతను కిలోల్లో, చెరువును ఎకరాల్లో, రొయ్యను కౌంట్‌లో చెబుతారు, 30 కౌంట్ అంటే కిలోకు 30 అని ఎవరూ తికమకపడరు. ఇక్కడా అంతే, ఏ పనికి ఏ కొలత అన్నది ముందే అనుకోవాలి. మీ ప్రోగ్రాంలో వచ్చిన తేడాలన్నీ మన కంటికి కనిపించేది ఒకటి, కంప్యూటర్ చూసేది ఇంకొకటి కావడం వల్ల వచ్చినవే.

ఇప్పుడు సీత దగ్గరికి వద్దాం. పేరు సరిచూడటానికి మీరు, అన్నీ అక్షరాలేనా అని చూసే ఐజ్‌ఆల్ఫా వాడి ఉంటారు. చాలా పాఠాల్లో పేరు పరీక్షకు దాన్నే చూపిస్తారు. యూనికోడ్ ప్రతి కోడ్‌నూ ఒక వర్గంలో పెడుతుంది. అచ్చులు, హల్లులు 'ఎల్' వర్గం. గుణింతపు గుర్తులు, పొల్లు, సున్నా 'ఎమ్' వర్గం. ఐజ్‌ఆల్ఫా 'ఎల్' వాటినే అక్షరాలుగా ఒప్పుకుంటుంది. కమలలో ఉన్నవి మూడూ తలకట్టు హల్లులు, గుర్తులే లేవు, కాబట్టి పాసు. రమణ కూడా అంతే. సీతకు ఒక్క గుడిదీర్ఘం ఉంది, ఫెయిలు. లక్ష్మికి రెండు పొల్లులు, ఒక గుడి, ఇక చెప్పేదేముంది. మీ ఊళ్లో పెంచలయ్య, మస్తానయ్య, మాలకొండయ్య ఎవరూ ఈ పరీక్ష నెగ్గరు.

దాని బదులు యూనికోడ్‌డేటా అనే మాడ్యూల్ తెచ్చుకుని, పేరులోని ఒక్కో కోడ్ వర్గం అడగండి. 'ఎల్'తో గానీ 'ఎమ్'తో గానీ మొదలైతే రానివ్వండి. ఖాళీ, చుక్క కూడా రానివ్వాలి, పొడి అక్షరాల ఇంటిపేర్లు మనకు మామూలే కదా. ఇంకో కనపడని కోడ్‌ను కూడా రానివ్వాలి, దాని కథ కిందికి వస్తుంది. ఆ మాటకొస్తే పేరుకు పరీక్షలు పెట్టడమే నాకంతగా నచ్చదు. ఖాళీగా ఉందా, అంకెలున్నాయా అని చూస్తే చాలు. మనిషి చెప్పిన పేరును కంప్యూటర్ కాదనడమేంటి?

ఇదే జబ్బు, ఒక తీరు మాటల్ని వెతికిపెట్టే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లలోనూ ఉంది. పైథాన్‌తో వచ్చే ఆర్‌ఈ మాడ్యూల్లో మాటలు ఏరడానికి బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ వాడితే 'నెల్లూరు' ఒక్క మాటగా రాదు. న, ల, ల, ర అని నాలుగు ముక్కలై, గుర్తులన్నీ రాలిపోయి వస్తుంది. విడిగా దొరికే రీజెక్స్ అనే లైబ్రరీ పెట్టుకుంటే ఈ బాధ ఉండదు. ఫోన్ నంబరు దగ్గర దీనికి తలకిందుల సమస్య. బ్యాక్‌స్లాష్ డి అన్నది తెలుగు అంకెల్ని కూడా అంకెలుగానే ఒప్పుకుంటుంది. ఎవరైనా ౯ అని కొడితే మీ ఫారం తలూపుతుంది, మెసేజ్ మాత్రం పోదు. అక్కడ 0 నుంచి 9 వరకే అని విడమరిచి రాయండి.

చీటీ కత్తిరింపు చూద్దాం. 'కొత్తపల్లి మాలకొండయ్య'లో కోడ్‌లు సరిగ్గా 21. కొత్తపల్లికి 10, ఖాళీ ఒకటి, మాలకొండయ్యకు 10. మీరు 20 దగ్గర కోశారు. పోయింది చివరి 'య' ఒక్కటే, దాన్ని ఒత్తుగా మార్చాల్సిన పొల్లు మాత్రం మిగిలింది. అందుకే పాపం ఆ పెద్దాయన చీటీలో 'మాలకొండయ్' అయ్యాడు. కంటి లెక్కన అయితే ఊరు నాలుగక్షరాలు, పేరు ఐదు, 20 దాకా వెళ్లనే లేదు.

కాబట్టి కోసే ముందు స్ట్రింగ్‌ను కోడ్‌లుగా కాక అక్షరాలుగా విడగొట్టుకోవాలి. ఫంక్షన్ పెద్దదేం కాదు. ఖాళీ లిస్టు ఒకటి పెట్టుకుని మొదటి నుంచి ఒక్కో కోడ్ తీయండి. అది 'ఎమ్' వర్గమైతే లిస్టులో చివరి ముక్కకు అతికించండి. అది హల్లై, చివరి ముక్క పొల్లుతో ముగిసి ఉంటే అప్పుడూ అతికించండి, అది ఒత్తు కాబట్టి. పైన అన్న కనపడని కోడ్ వచ్చినా వెనక ముక్కకే అతికించండి. మరేదైనా అయితే కొత్త ముక్క మొదలు. అంతే, నెల్లూరు మూడు ముక్కలై వస్తుంది. ఫంక్షన్ సరిగ్గా పనిచేస్తోందా అని చూడటానికి 'వికటకవి' ఇచ్చి తిరగేయండి. ఎటు చదివినా ఒకటేనని బడిలో చెప్పుకున్న మాట అది. మామూలు పైథాన్ స్ట్రింగ్‌ను తిరగేస్తే మాత్రం ఒకటి కాదంటుంది, ఎందుకంటే చివరి గుడి ముందుకొచ్చి, ఎవరికీ చెందకుండా వేలాడుతుంది. అక్షరాల లిస్టును తిరగేస్తే మన వికటకవి మనకు దక్కుతాడు.

రెడీమేడ్ లైబ్రరీలూ ఉన్నాయి, వాటిలో ఇలాంటి ముక్కను గ్రాఫీమ్ క్లస్టర్ అంటారు. అయితే వెర్షన్ చూసుకోవాలి. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1కు ముందు నియమాల ప్రకారం 'ల్లూ' ఒక్క ముక్క కాదు, 'ల్', 'లూ' అని రెండు. తెలుగుతో పాటు దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళం లిపుల్లో ఒత్తును విడదీయకూడదన్న నియమం 15.1లో చేరింది. పాత లైబ్రరీ అయితే మాలకొండయ్యను మళ్లీ మధ్యలో నరుకుతుంది. మీ పది లైన్ల ఫంక్షనే నయం.

ఇంకో మాట. చీటీలో అసలు లెక్క అక్షరాలది కూడా కాదు, వెడల్పుది. 'ర' ఎంత, 'ఘ' ఎంత? ఇంగ్లీషు బిల్లులో అన్ని అక్షరాలకూ సమానమైన గది ఉంటుంది కాబట్టి 20 అంటే సరిపోతుంది. తెలుగుకు ఆ వీలు లేదు. చిన్న థర్మల్ ప్రింటర్లకు తెలుగును నేరుగా పంపితే చాలావాటికి అర్థమే కాదు, చీటీని బొమ్మగా తయారుచేసి పంపడమే దారి. పైథాన్‌లో పిల్లో లైబ్రరీతో ఆ పని అవుతుంది. మాట వెడల్పు ఎన్ని పిక్సెళ్లో అదే చెబుతుంది. గది దాటితే చివరి అక్షరం ఒకటి తీసేసి మళ్లీ కొలవండి, పట్టేదాకా. పిల్లోకు రాక్మ్ అనే తోడు లైబ్రరీ ఉందో లేదో మాత్రం ముందే చూసుకోండి. అది లేకపోతే ఒత్తులు కిందికి దిగకుండా పొల్లుతో సహా పక్కపక్కనే నిలబడతాయి, చూడలేం.

ఇక జంట పేర్లు. నాకు మీ ఉత్తరంలో బాగా నచ్చిన సమస్య ఇదే, ఎందుకంటే కంటితో ఎంత చూసినా దొరకదు. ఈ రెండూ చూడండి: పెంచలయ్య, పె౦చలయ్య. మొదటిదాంట్లో ఉన్నది అక్షరం పక్కన పెట్టే సున్నా. రెండోదాంట్లో ఉన్నది తెలుగు అంకెల్లోని సున్న, అంటే ౧కి ముందు వచ్చేది. కొన్ని ఫాంట్లలో రెండూ అచ్చుగుద్దినట్టు ఒకటే. కంప్యూటర్‌కు ఒకటి 0సి02, ఇంకోటి 0సి66, వాటికి చుట్టరికమే లేదు. టైపు చేసేవాళ్లు గుండ్రంగా కనిపించింది కదా అని ఏదో ఒకటి నొక్కేస్తారు.

రెండో దొంగ మస్తాన్ లాంటి పొల్లుతో ముగిసే పేర్లలో ఉంటాడు. కొన్ని కీబోర్డులు పొల్లు తర్వాత కనపడని కోడ్ ఒకటి పెడతాయి. జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు, నంబరు 200సి. రాజ్‌కుమార్ అన్నప్పుడు 'కు' పోయి 'జ' కింద ఒత్తుగా చేరకుండా ఆపేది అదే, కాబట్టి పనికొచ్చేదే. కానీ మాట చివర ఉంటే దానికి పనేం లేదు, ఆనవాలూ లేదు. ఒక మస్తాన్‌లో 7 కోడ్‌లు, ఇంకో మస్తాన్‌లో 8. స్ట్రిప్ చేస్తే పోతుందనుకుంటారేమో, పోదు. స్ట్రిప్ ఖాళీలనే తీస్తుంది, ఇది ఖాళీల జాతి కాదు.

మూడోది అరుదు. మైపాడులో ఉన్న ఐత్వానికి ఒకే కోడ్ ఉంది, అదే ఐత్వాన్ని ఎత్వం, దాని కింద ఇంకో గుర్తు కలిపి రెండు కోడ్‌లుగా కూడా రాయొచ్చు. చూపుకు తేడా ఉండదు. దీనికి మాత్రం యూనికోడే మందు చెప్పింది. యూనికోడ్‌డేటాలో నార్మలైజ్ అని ఉంది, ఎన్ఎఫ్‌సీ అని అడిగితే రెండు కోడ్‌లను ఒకటి చేస్తుంది. అయితే అది సున్నాల గొడవ తీర్చదు, కనపడని కోడ్‌ను తీయదు. నార్మలైజ్ చేశాను కదా అన్నీ సర్దుకుంటాయని కూర్చోవద్దు.

అనుమానం వచ్చిన పేరును ఆస్కీ అనే ఫంక్షన్‌కు ఇచ్చి ప్రింట్ చేయండి. కోడ్ నంబర్లన్నీ వరసగా చూపిస్తుంది. దొంగ ఎక్కడున్నాడో అప్పుడు తెలుస్తుంది. ఆ తర్వాత పేరుకు రెండు కాలమ్‌లు పెట్టుకోండి. ఒకటి చీటీ మీద చూపించడానికి, రైతు చెప్పింది చెప్పినట్టు. రెండోది పోల్చడానికి మాత్రమే. దాంట్లో ఎన్ఎఫ్‌సీ చేసి, 200సిని తీసేసి, అంకె సున్నను అక్షరపు సున్నాగా మార్చి, చుక్కలు తీసి, రెండేసి ఖాళీలుంటే ఒకటి చేయండి. మొదటి కాలమ్‌లోంచి 200సి తీయొద్దు, తీస్తే రాజ్‌కుమార్ రాజ్కుమార్ అవుతాడు. అంకె సున్న మార్పు కూడా పేర్లకే. డోర్ నంబర్ల జోలికి పోవద్దు. చిన్న హెచ్చరిక: రీప్లేస్ కొట్టినంత మాత్రాన పాత స్ట్రింగ్ మారదు. పైథాన్‌లో స్ట్రింగ్‌ను ఉన్నచోట మార్చడం కుదరదు, కొత్తది తయారై వస్తుంది, దాన్ని పట్టుకుని పేరులో పెట్టుకోవాలి.

ఎక్సెల్ పిచ్చి గుర్తులు చూసి భయపడనక్కర్లేదు. తల మీద గీత ఉన్న ఇంగ్లీషు ఎ, దాని పక్కన డిగ్రీ గుర్తో కూడిక తీసివేత కలిసిన గుర్తో మళ్లీ మళ్లీ కనిపిస్తోంది కదా? ప్రతి తెలుగు కోడ్‌కూ యూటీఎఫ్-8లో మొదటి రెండు బైట్లు ఈ రెండు జతల్లో ఏదో ఒకటే. అంటే మీ డేటా భద్రంగా ఉంది, ఎక్సెల్ దాన్ని యూటీఎఫ్-8 అనుకోకుండా చదువుతోంది. సీఎస్‌వీ, అంటే కామాలతో విడదీసిన జాబితా ఫైలు, రాసేటప్పుడు ఎన్‌కోడింగ్ దగ్గర 'యూటీఎఫ్-8-సిగ్' అని ఇవ్వండి. ఫైలు మొదట్లో మూడు బైట్ల గుర్తు పడుతుంది, దాన్ని చూసి ఎక్సెల్ తెలుసుకుంటుంది. గుర్తులు కాకుండా వరసగా ప్రశ్నార్థకాలు కనిపిస్తే అప్పుడు భయపడాలి. తెలుగు పట్టని చోటి గుండా డేటా పోయిందన్నమాట, పోయింది వెనక్కి రాదు, బ్యాకప్ వెతుక్కోవాలి.

మీరడగలేదు గానీ, విండోస్‌లో ఫైలు తెరిచేటప్పుడు కూడా ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని తప్పకుండా రాయండి. రాయకపోతే మన దగ్గరి విండోస్‌లో పైథాన్ మామూలుగా 1252 అనే పాత పట్టిక తీస్తుంది. అప్పుడు కమల ఒక్కతే ఉన్న ఫైలు పిచ్చి గుర్తులుగానైనా తెరుచుకుంటుంది, లక్ష్మి ఉన్న ఫైలు '8డి బైటు చదవలేను' అని ఆగిపోతుంది. ఆ 8డి మరేదో కాదు, పొల్లు చివరి బైటు. 1252 పట్టికలో ఆ గడి ఖాళీ. ఎర్రర్‌లో 8డి కనిపించిందంటే ఫైలు పాడు కాలేదు, తెరిచే తీరు తప్పు.

ఫ్లెక్సీ షాపు నుంచో పెళ్లి కార్డులు వేసేవాళ్ల దగ్గర్నుంచో పేర్ల జాబితా తెచ్చుకుంటే అది వేరే వ్యవహారం. అను ఫాంట్లలో కొట్టింది యూనికోడ్ కాదు, లోపలున్నవి ఇంగ్లీషు కోడ్‌లు, ఫాంటు వాటికి తెలుగు వేషం వేస్తుంది. కన్వర్టర్‌లో వేసి మార్చాక ఒక మనిషి కూర్చుని చదవాల్సిందే.

బైట్ల కొలత మీకు ఎప్పుడు కావాలి? డేటాబేస్ కాలమ్ వెడల్పు పెట్టేటప్పుడు. మన జిల్లా పేరే తీసుకోండి. 'శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు' కంటికి 10 అక్షరాలు, కోడ్‌లు ఖాళీలతో కలిపి 31, బైట్లు 87. కాలమ్‌కు 50 పెడితే మైఎస్‌క్యూఎల్‌లో, పోస్ట్‌గ్రెస్‌లో పడుతుంది, అవి కోడ్‌లు లెక్కపెడతాయి. ఒరాకిల్ మామూలుగా బైట్లు లెక్కపెడుతుంది కాబట్టి అక్కడ పట్టదు. ఎస్ఎంఎస్ లెక్క కోడ్‌లతో. ఇంగ్లీషులో ఒక మెసేజ్‌కు 160 పడితే, ఒక్క తెలుగు అక్షరం కలిసినా 70కి పడిపోతుంది. 70 దాటితే 67 చొప్పున ముక్కలై, ముక్కకింత అని బిల్లు వేస్తారు. జిల్లా పేరు పూర్తిగా రాసి 'జిల్లా' అని చేర్చితే 38 అయిపోయాయి, ఇక మేత బాకీ ఎక్కడ రాస్తారు? మెసేజ్‌లో నెల్లూరు అంటే చాలు.

జావాకు మారితే ఏమొస్తుందంటే, నెల్లూరుకు అక్కడా 8 అనే వస్తుంది. జావా యూటీఎఫ్-16 అనే ఇంకో పద్ధతి లెక్క చూస్తుంది, తెలుగు కోడ్‌లన్నీ అందులో ఒక్కో యూనిట్టే. జావాస్క్రిప్ట్‌లోనూ అంతే. గో భాషలో లెన్ అడిగితే 24. స్విఫ్ట్ మాత్రం గ్రాఫీమ్ క్లస్టర్లు లెక్కపెడుతుంది, అదీ దాని వెర్షన్ ఎంత కొత్తదన్న దాన్ని బట్టి. ఏ భాషకు పోయినా ఈ మూడు కొలతలు వెంటే వస్తాయి, వచ్చిన పైథాన్ వదులుకోకండి.

పని ఈ వరసలో పెట్టుకోండి. ముందు ఉన్న ఫైలుకు కాపీ తీయండి. బయట నుంచి వచ్చింది ఏదైనా లోపలికి రాగానే యూటీఎఫ్-8 నుంచి స్ట్రింగ్‌గా మార్చి, పోలిక కాలమ్ నింపండి. లోపల అంతా స్ట్రింగ్‌లతోనే నడపండి, బయటికి రాసేటప్పుడు మళ్లీ బైట్లు. ఆ తర్వాతే జంట పేర్లు కలపడం. ఇక్కడ మాత్రం ప్రోగ్రాంకు వదిలేయొద్దు. పోలిక కాలమ్‌లో రెండు పేర్లు ఒకటైనంత మాత్రాన మనిషి ఒకడే కాదు. మీ చుట్టుపక్కల ఊళ్లలో పెంచలయ్యలు, మాలకొండయ్యలు ఎంతమంది ఉంటారో మీకే తెలుసు. తండ్రి పేరు, ఫోను నంబరు కూడా కలిస్తేనే ఖాతాలు కలపండి, అనుమానంగా ఉన్నవి కాగితం మీద తీసి ఓనర్‌కు చూపించండి, ఆయనకు మనుషులు తెలుసు. కలిపేసిన ఖాతా పాత నంబరు కొట్టేయకుండా పక్క కాలమ్‌లో ఉంచండి. పోయిన పంట చీటీ పట్టుకుని రైతు వస్తే దాని మీద ఉండేది ఆ నంబరే.